ఆసుపత్రి నర్సింగ్ స్కూలా, కమ్యూనిటీ కాలేజీయా: పిట్స్‌బర్గ్‌లో నా అనుభవం

పిట్స్‌బర్గ్‌లో నర్సింగ్ చదవాలని నిర్ణయించుకున్నాక నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి ఆసుపత్రి సొంతంగా నడిపే నర్సింగ్ స్కూల్, రెండోది మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీ. ఎక్కడ చదివినా చివర రాసేది ఒకే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, వచ్చేది ఒకే ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు. అందుకే తెలిసినవాళ్ళు చాలామంది "ఏదైనా ఒకటే కదా, ముందు ఎక్కడ సీటొస్తే అక్కడ చేరిపో" అన్నారు. వివరాల్లోకి వెళ్ళాక నాకు అలా అనిపించలేదు. కాలేజీకి ఫీజు మనమే కట్టుకోవాలి. ఆసుపత్రి స్కూల్‌లో ఫీజు భారం చాలావరకు వాళ్ళే మోస్తారు, కానీ చదువు అయ్యాక కొన్నేళ్ళు వాళ్ళ దగ్గరే పని చేస్తామని ముందే సంతకం పెట్టాలి. సిటిజన్లకు ఆ సంతకం పెద్ద విషయం కాకపోవచ్చు. ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ కార్డు మీద బతికే మనలాంటి కుటుంబాలకు మాత్రం అసలు ఆలోచించాల్సింది దాని గురించే.

మాది గుంటూరు. నాగార్జున యూనివర్సిటీలో బయోటెక్నాలజీ బీఎస్సీ చేశాను. పెళ్ళయ్యి, ఇక్కడ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యలకు ఇచ్చే హెచ్4 మీద వచ్చాక చాలాకాలం ఇంట్లోనే ఉన్నాను. మా బాబు నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు నర్సుల పని మొదటిసారి దగ్గరగా చూశాను. వైర్ల మధ్యలోంచి బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, మానిటర్ మోగితే ఎప్పుడు కంగారు పడాలో, ఎప్పుడు అక్కర్లేదో నాకు నేర్పింది రాత్రి షిఫ్టులో ఉన్న ఒక నర్సు. ఆ పని నేనూ చేయాలన్న కోరిక అప్పుడే పుట్టింది. కానీ వర్క్ పర్మిట్ లేకుండా నర్సింగ్ చదివి ఏం చేస్తాను? గ్రీన్‌కార్డుకు ఎవరు దరఖాస్తు వేయవచ్చో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2020 అక్టోబరులో, మనవాళ్ళకు ఈబీ3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో మూడో కేటగిరీ) ఫైలింగ్ తేదీ 2015 జనవరి 1కి జరిగింది గుర్తుందా? మావారు అప్పుడు ఈబీ2 నుంచి ఈబీ3కి డౌన్‌గ్రేడ్ చేసి ఐ-485, అంటే గ్రీన్‌కార్డు దరఖాస్తు, వేశారు. దాని మీద నాకు ఈఏడీ వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాను.

ఇక్కడ ఆర్‌ఎన్ కావడానికి మూడు రకాల చదువులున్నాయి: ఆసుపత్రి డిప్లొమా, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ, నాలుగేళ్ళ బీఎస్‌ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ. మన దగ్గర జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ ఉన్నట్టే ఇక్కడ డిప్లొమా, బీఎస్‌ఎన్ అనుకోవచ్చు. మధ్యలోని అసోసియేట్ డిగ్రీ కమ్యూనిటీ కాలేజీల సొంత పంట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నర్సులకు కరువు వచ్చినప్పుడు మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ రెండేళ్ళలో నర్సును తయారు చేసే పద్ధతిని రూపొందించారు. 1952లో దాన్ని కొన్ని జూనియర్ కాలేజీల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. అంతకుముందు అమెరికాలో నర్సు అంటే దాదాపు ఆసుపత్రి స్కూల్‌లో తయారైన మనిషే. విద్యార్థినులు ఆసుపత్రి హాస్టల్‌లోనే ఉండేవారు. వార్డుల్లో పని చేసేవారు, ఆ పనికి బదులుగా చదువు దొరికేది. ఆ స్కూళ్ళు ఒకప్పుడు వందల్లో ఉండేవి. ఇప్పుడు దేశం మొత్తం మీద కొన్నే మిగిలాయి. అలా మిగిలిన రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ముఖ్యమైనది. మా ఊళ్ళో యూపీఎంసీ అనే పెద్ద ఆసుపత్రుల గ్రూపు కింద ఇలాంటి స్కూళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1847లో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ మొదలుపెట్టిన మెర్సీ లాంటి పాత ఆసుపత్రులున్న ఊరు కాబట్టి ఆ సంప్రదాయం ఇక్కడ గట్టిగా నిలిచింది.

ఇంట్లో ఈ సంగతులు బాగా తెలిసిన మనిషి మా మేనత్త. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగ్ చేసింది. 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పుట్టింది పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో. ఆవిడ ఇక్కడి నుంచి మా ఊరు వెళ్తే, నేను మా ఊరి నుంచి ఆవిడ రాష్ట్రానికి నర్సింగ్ నేర్చుకోవడానికి వచ్చాను. ఈ ముక్క చెప్తే అత్త చాలా సంతోషపడింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. "అమ్మాయ్, మంచం పక్కన నిలబడి నేర్చుకున్నది జన్మలో మర్చిపోం. ఆ విషయంలో ఆసుపత్రి స్కూలే మేలు. కానీ చేతికొచ్చే కాగితం ఏమిటో కూడా కనుక్కో. నాకు ట్యూటర్ పోస్టు దగ్గరికొచ్చేసరికి జీఎన్‌ఎం చాల్లేదు. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి మళ్ళీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాల్సి వచ్చింది" అంది. కాగితం సంగతి నేను అప్పటివరకూ ఆలోచించలేదు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా అడిగిన మొదటి ప్రశ్న అదే.

ముందు ఆసుపత్రి స్కూల్ వాళ్ళ ఇన్ఫర్మేషన్ సెషన్‌కు వెళ్ళాను. నిజం చెప్పాలంటే అక్కడే చేరిపోవాలనిపించింది. తరగతి గదులకూ వార్డుకూ మధ్య దూరమే లేదు. సిమ్యులేషన్ ల్యాబులో ఊపిరి పీల్చే బొమ్మ, దాని చేతికి ఐవీ లైను. బ్యాచ్ చిన్నది. మొదటి సెమిస్టరు నుంచే క్లినికల్స్, అంటే వార్డులో చేసే శిక్షణ, ఉన్నాయి. పాఠం చెప్పేవాళ్ళలో కొందరు అదే ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళు. సెలవులు తక్కువ, వేసవిలోనూ క్లాసులుంటాయి కాబట్టి కోర్సు త్వరగా అయిపోతుంది. ఉద్యోగం కోసం వెతుక్కునే పని ఉండదు. ఫీజు కమ్యూనిటీ కాలేజీ కంటే బాగా ఎక్కువే, కానీ ఆసుపత్రే దాన్ని అప్పుగా ఇస్తుంది. చదువయ్యాక వాళ్ళ దగ్గర పని చేస్తూ పోతే ఆ అప్పు కొద్దికొద్దిగా మాఫీ అవుతుంది. మధ్యలో మానేస్తే మిగిలినది కట్టాలి.

ఆ ఒప్పందం నమూనా కాపీ ఇంటికి తెచ్చుకుని మావారూ నేనూ కూర్చుని లైను లైను చదివాం. ఇలాంటి కాగితం చేతికొస్తే మీరూ అలాగే చదవండి. "ఫ్రీ సీటు" అన్న మాట విని సంతకం పెట్టవద్దు. మేం పెన్సిలుతో గీతలు గీసుకున్న చోట్లు ఇవి. మాఫీ లెక్క ఎప్పుడు మొదలవుతుంది? ఉద్యోగంలో చేరిన రోజు నుంచా, లైసెన్సు వచ్చిన రోజు నుంచా? మాఫీ నెలనెలా జరుగుతుందా, ఏడాది పూర్తయితేనే జరుగుతుందా? ఏడాదికి ఒక నెల ముందు మానేస్తే ఆ ఏడాదంతా పోతుందా? ఏ వార్డులో వేస్తారో, ఏ ఊరి ఆసుపత్రిలో వేస్తారో ఎవరు నిర్ణయిస్తారు? నేను చూసిన కాగితంలో ఆ గ్రూపు ఆసుపత్రుల్లో ఎక్కడైనా వేయవచ్చని ఉంది. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో ఉన్నవీ ఆ లెక్కలోకి వస్తాయి. ఫుల్‌టైం మాత్రమే లెక్క. ఎన్‌క్లెక్స్ ఇన్ని నెలల్లోపు పాసవ్వాలి అన్న గడువు ఇంకొకటి.

చివరికి మా నిద్ర చెడగొట్టిన లైను వేరే ఉంది. అభ్యర్థి "ఏ కారణం చేతనైనా" ఉద్యోగంలో కొనసాగలేకపోతే మిగిలిన మొత్తం కట్టాలి అని అందులో ఉంది. నేను మెయిల్ పెట్టి అడిగాను: "నా ఈఏడీ రెన్యువల్ ఆలస్యమై కొన్ని నెలలు పని చేయలేకపోతే అది కూడా ఆ కారణాల్లోకి వస్తుందా?" మర్యాదగానే జవాబిచ్చారు. వస్తుంది అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, కాగితం అమెరికన్ విద్యార్థుల కోసం రాసింది. కానీ మా పరిస్థితి చూడండి. నా ఈఏడీ మావారి ఐ-485 మీద ఆధారపడి ఉంది. ఆ ఐ-485 ఆయన ఉద్యోగం మీద, గ్రీన్‌కార్డు వరసలో ఆయన స్థానం చెప్పే ప్రయారిటీ డేటు మీద ఆధారపడి ఉంది. ఈఏడీ గడువు విషయం చూసినా, 2023లో దాన్ని ఐదేళ్ళకు పెంచారని సంబరపడ్డాం, 2025 డిసెంబరులో మళ్ళీ 18 నెలలకు తగ్గించారు. నా చేతిలో లేని ఇన్ని విషయాల మీద ఆధారపడిన అప్పును నేను ఎలా ఒప్పుకోను?

కమ్యూనిటీ కాలేజీ వైపు లెక్కలు వేరు. అలెగేనీ కౌంటీ కమ్యూనిటీ కాలేజీని ఇక్కడ అందరూ సీసీఏసీ అంటారు. దాని బాయిస్ క్యాంపస్ మన్రోవిల్‌లో ఉంది, మా ఇంటికి దగ్గర. కౌంటీలో ఉండేవాళ్ళకు ఒక ఫీజు, రాష్ట్రంలోని వేరే కౌంటీ వాళ్ళకు దాదాపు రెండింతలు, రాష్ట్రం బయటివాళ్ళకు దాదాపు మూడింతలు. కాబట్టి మొదటి పని కౌంటీ నివాసి అని రుజువు చేసుకోవడం. ఇంటి లీజు, డ్రైవర్ లైసెన్సు, ట్యాక్స్ రిటర్న్‌లు, ఈఏడీ అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని వెళ్ళాను. ఫెడరల్ సాయం, అంటే పెల్ గ్రాంటు లాంటివి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు దొరుకుతాయి గానీ పెండింగ్ ఐ-485 వాళ్ళకు దొరకవు. హెచ్4 వాళ్ళకూ అంతే. అందుకని ఫీజు మొత్తం మన జేబులోంచే కట్టాలి. సెమిస్టరుకు ఇంతని విడగొట్టి నెలనెలా కట్టుకునే పద్ధతి పెట్టుకుంటే మావారి జీతంలో సరిపోతుందని తేలింది.

కాలేజీతో చిక్కు డబ్బు దగ్గర కన్నా టైము దగ్గర ఎక్కువ. నర్సింగ్ సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. దేశమంతా ఇదే పరిస్థితి, ఎందుకంటే నర్సింగ్ నేర్పే టీచర్లూ తక్కువే, క్లినికల్స్‌కు ఆసుపత్రుల్లో దొరికే చోటూ తక్కువే. ముందు అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ కాంపొజిషన్, సైకాలజీ లాంటి ప్రీరెక్విజిట్లు మంచి గ్రేడ్లతో దాటాలి. నా బీఎస్సీ పనికొస్తుందేమోనని, విదేశీ చదువులను ఇక్కడి లెక్కలోకి మార్చి చెప్పే వెస్ సంస్థ దగ్గర కోర్స్ బై కోర్స్ మూల్యాంకనం చేయించాను. దానికి ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా సీల్డ్ కవర్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ రావాలి, మన దగ్గరున్న కాపీలు చెల్లవు. నాన్నగారు గుంటూరు నుంచి నాగార్జున నగర్‌కు తిరిగి ఆ పని చేయించారు. కొన్ని జనరల్ సబ్జెక్టులు మినహాయించారు. సైన్సు సబ్జెక్టులు పాతవైపోయాయి కాబట్టి మళ్ళీ చదవమన్నారు. మొదట బాధేసింది గానీ, ఇన్నేళ్ళ గ్యాప్ తర్వాత ఎముకల పేర్ల దగ్గర్నుంచి మళ్ళీ చదవడం నాకు చాలా మేలు చేసింది.

రెండు చోట్లా తలుపులు తెరిచి ఉంచుకోవాలని టీస్ అనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష కూడా రాశాను. రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ కలిపి 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. మన ఎంసెట్ రాసినవాళ్ళకు లెక్కలు, సైన్సు భయపెట్టవు. ఇంగ్లిష్ వాడుక భాగం మాత్రం ప్రాక్టీసు చేయాలి.

అప్పుడే కాగితం ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టాను. డిప్లొమా అంటే చాలాచోట్ల అది కాలేజీ డిగ్రీ కాదు. ఆర్‌ఎన్ లైసెన్సు వస్తుంది, పని చేయవచ్చు, అందులో ఏ లోటూ లేదు. కానీ తర్వాత ఆర్‌ఎన్ టు బీఎస్‌ఎన్ చేయాలంటే ఆ యూనివర్సిటీ ఆసుపత్రి చదువుకు ఎన్ని క్రెడిట్లు ఇస్తుందన్నది చూసుకోవాలి. ఇప్పుడు చాలా ఆసుపత్రి స్కూళ్ళు పక్కనున్న కాలేజీతో కలిసి జనరల్ సబ్జెక్టులకు క్రెడిట్లు ఇప్పిస్తున్నాయి, కొన్ని డిప్లొమాతో పాటు అసోసియేట్ డిగ్రీ కూడా ఇప్పిస్తున్నాయి. అందుకే స్కూల్ వాళ్ళు చెప్పినదాంతో ఆగకుండా, నేను తర్వాత బీఎస్‌ఎన్ చేద్దామనుకున్న యూనివర్సిటీకి ఫోన్ చేసి "ఈ స్కూల్ డిప్లొమాతో వస్తే నాకింకా ఎన్ని క్రెడిట్లు మిగులుతాయి, అసోసియేట్ డిగ్రీతో వస్తే ఎన్ని మిగులుతాయి" అని అడిగాను. నా విషయంలో డిగ్రీతో వెళ్తే తక్కువ మిగిలాయి. బీఎస్‌ఎన్ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, మంచి నర్సింగ్‌కు ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్న పెద్ద ఆసుపత్రులు ఆ డిగ్రీనే కోరుకుంటాయి. 2017లో న్యూయార్క్ ఏకంగా చట్టమే చేసింది. అక్కడ కొత్తగా ఆర్‌ఎన్ అయినవాళ్ళు పదేళ్ళలో బీఎస్‌ఎన్ పూర్తి చేయాలి. రేపు మేం ఏ రాష్ట్రానికి వెళ్తామో ఎవరికి తెలుసు?

ఇంకా రెండు విషయాలు ఎవరైనా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. స్కూల్‌కు ఏసీఈఎన్ గుర్తింపు ఉందా లేదా అన్నది మొదటిది. డిప్లొమా స్కూళ్ళనూ, అసోసియేట్ డిగ్రీ కాలేజీలనూ ఆ సంస్థ పరిశీలిస్తుంది. సీసీఎన్‌ఈ అనే ఇంకో సంస్థ డిగ్రీ స్థాయిలో బీఎస్‌ఎన్, ఆపై చదువులకే గుర్తింపు ఇస్తుంది కాబట్టి ఈ స్కూళ్ళ దగ్గర ఆ పేరు లేకపోతే కంగారు పడనక్కర్లేదు. రెండోది ఎన్‌క్లెక్స్ ఫలితాలు. పెన్సిల్వేనియా నర్సింగ్ బోర్డు ప్రతి స్కూల్ నుంచి మొదటిసారి రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారో ఏటా ప్రకటిస్తుంది. 80 శాతం కన్నా తగ్గితే ఆ స్కూల్‌ను ప్రొవిజనల్, అంటే తాత్కాలిక గుర్తింపు స్థితిలో పెడతారు. ఒక్క ఏడాది చూసి వదిలేయకండి, వరసగా కొన్నేళ్ళు చూడండి. నేను చూసిన రెండు స్కూళ్ళూ ఆ గీత పైనే ఉన్నాయి. కాబట్టి చదువు నాణ్యత గురించి నాకు బెంగ లేకపోయింది.

పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే ఒక మలయాళీ ఆంటీ అప్పట్లో చాలా సాయం చేశారు. 1970ల్లో నర్సుగా వచ్చి, ఈ ఊళ్ళోనే పని చేసి రిటైరయ్యారు. గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఆవిడను అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. "మోళే (అమ్మాయ్), ఆసుపత్రి నిన్ను కట్టేసుకోవాలని చూస్తోందంటే వాళ్ళకు నర్సులు కావాలన్నమాట. రెండేళ్ళ తర్వాత కూడా కావాలి. అప్పుడు నీ లైసెన్సు చేతిలో పెట్టుకుని వెళ్ళు, బేరం నీది అవుతుంది" అన్నారు. నాకు కావాల్సిన మాట అదే. ఆ రాత్రి మావారితో "ఏమండీ, మనం కాలేజీకే వెళ్దాం, ఒక ఏడాది ఎక్కువ పట్టినా పర్వాలేదు" అన్నాను. ఆయన ఫీజు లెక్కలు అప్పటికే ఎక్సెల్‌లో వేసి ఉంచారు.

సీటు వచ్చాక క్లినికల్స్‌కు ముందు చేసే హడావుడి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. పెన్సిల్వేనియాలో మూడు క్లియరెన్సులు కావాలి: స్టేట్ పోలీసుల క్రిమినల్ రికార్డు, చైల్డ్ అబ్యూజ్ క్లియరెన్సు, ఎఫ్‌బీఐ వేలిముద్రలు. వీటికి తోడు సీపీఆర్ సర్టిఫికెట్, డ్రగ్ స్క్రీన్, టీకాల రుజువులు. మన చిన్నప్పటి టీకాల కార్డు ఎవరి దగ్గరుంటుంది? రక్త పరీక్షతో టైటర్లు, అంటే ఒంట్లో ఆ రోగనిరోధక శక్తి ఎంతుందో, చూపించాను, తక్కువ వచ్చినవాటికి మళ్ళీ డోసులు వేయించుకున్నాను. హెపటైటిస్ బీ డోసులు నెలల తరబడి సాగుతాయి కాబట్టి దాన్ని ముందే మొదలుపెట్టడం మంచిది. టీబీ దగ్గర మనవాళ్ళందరికీ ఒకే ఇబ్బంది. చిన్నప్పుడు బీసీజీ వేసుకుంటాం కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించే అవకాశం ఉంటుంది. అలా రాగానే ఎక్స్‌రే అంటారు, టెన్షన్ పెడతారు. ముందే క్వాంటిఫెరాన్ అనే రక్త పరీక్ష చేయమని అడగండి. బీసీజీ దాని మీద ప్రభావం చూపదు.

చదువు కష్టం గురించి ఎక్కువ రాయను. డోసేజ్ లెక్కల పరీక్షలో ఒక్కో చోట 90 శాతం పైన రాకపోతే మందులు ఇవ్వనివ్వరు. రాత్రి పన్నెండు దాకా కేర్ ప్లాన్లు రాసి, తెల్లవారకముందే క్లినికల్‌కు బయలుదేరేదాన్ని. బాబుకు జ్వరం వస్తే మావారు ఇంటి నుంచే పని చేసేవారు. మా అత్తగారు ఆరు నెలలు వచ్చి ఇల్లు మొత్తం తన చేతుల్లోకి తీసుకోకపోతే మొదటి ఏడాది దాటేదాన్ని కాదు.

క్లినికల్స్‌కు మమ్మల్ని పంపిన ఒక ఆసుపత్రిలోనే ఆసుపత్రి స్కూల్ విద్యార్థులూ ఉండేవారు. వాళ్ళను గమనించేదాన్ని. ఆ తేడా నిజంగా ఉంది, దాచను. సప్లై రూములో ఏది ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. చార్టింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అలవాటైపోయింది. నర్సులు వాళ్ళను పేరు పెట్టి పిలిచేవారు. మేం వారానికి కొన్ని గంటలు వచ్చి వెళ్ళేవాళ్ళం. సెమిస్టరు మారితే ఆసుపత్రి మారేది, మళ్ళీ బ్యాడ్జీలు, మళ్ళీ పాస్‌వర్డులు. అత్త చెప్పిన మంచం పక్కన చదువు వాళ్ళకు మాకన్నా ఎక్కువ దొరికింది. ఆ లోటు పూడ్చుకోవడానికి మొదటి ఏడాది అయ్యాక వారాంతాల్లో పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గా చేరాను. స్నానాలు చేయించడం, షుగర్ చూడడం, మంచంలో పక్కకు తిప్పడం, బీపీ రాయడం. జీతం కొద్దిగానే. కానీ ఏ గదిలోకైనా బెరుకు లేకుండా అడుగుపెట్టడం ఆ పనిలోనే వచ్చింది. కమ్యూనిటీ కాలేజీ ఎంచుకునేవాళ్ళు వీలుంటే ఇది తప్పకుండా చేయండి. ఈఏడీ ఉంటేనే కుదురుతుందన్నది గుర్తుంచుకోండి.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. కాలేజీలో చేరితే స్వేచ్ఛగా ఉంటామని అనుకోవద్దు. రెండో ఏడాదిలో మావారికి డాలస్‌లో మంచి అవకాశం వచ్చింది. వెళ్ళలేకపోయాం. నర్సింగ్ కోర్సుల్ని మధ్యలో ఇంకో రాష్ట్రం కాలేజీకి బదిలీ చేసుకోవడం దాదాపు కుదరదు, ఒక్కో కాలేజీ ఒక్కో వరసలో నేర్పుతుంది. చదివినంతకాలం మేమూ ఈ ఊరికి కట్టుబడే ఉన్నాం. తేడా ఏమిటంటే, పట్టా వచ్చిన రోజుతో ఆ కట్టుబాటు అయిపోయింది.

2024లో చదువు పూర్తయింది. లైసెన్సుకు అప్లై చేసే ముందు చైల్డ్ అబ్యూజ్ గుర్తించడంపై మూడు గంటల కోర్సు చేయాలి, అది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెన్సిల్వేనియాలో టెంపరరీ ప్రాక్టీస్ పర్మిట్ తీసుకుంటే ఎన్‌క్లెక్స్ రాసేలోగా గ్రాడ్యుయేట్ నర్సుగా పర్యవేక్షణలో పని చేయవచ్చు, పరీక్ష తప్పితే ఆ పర్మిట్ పోతుంది. ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో వస్తోంది. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైము ఐదు గంటలు. మార్కులు చెప్పరు, పాస్ లేదా ఫెయిల్ అంతే. ఒక పేషెంటు కథను విప్పుకుంటూ పోయే కేస్ స్టడీలు ఇందులో కొత్త. వార్డులో పని చేసినవాళ్ళకు అవి సులువుగా తోస్తాయి. టెక్నీషియన్ పని నాకు అక్కడ కూడా పనికొచ్చింది. పాసయ్యాను. ఆ రోజు ముందు ఫోన్ చేసింది అత్తకే.

నేను టెక్నీషియన్‌గా చేసిన వార్డులోనే ఆర్‌ఎన్‌గా తీసుకున్నారు. అప్పుడు ఆంటీ మాట నిజమైంది. చేరేటప్పుడు బోనస్ ఇస్తాం, రెండేళ్ళు ఉండాలి అన్నారు. ఆ కాగితమూ చదివాను. మానేస్తే ఎంత కట్టాలో లెక్క వేశాను. బోనస్ వద్దని, పగటి షిఫ్టు కావాలని అడిగాను. మొదటి ఆరు నెలలు రాత్రి షిఫ్టు చేస్తే తర్వాత పగటికి మారుస్తామన్నారు, ఒప్పుకున్నాను, మార్చారు కూడా. ఆసుపత్రి చదువు సాయంతో ఇప్పుడు ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ చేస్తున్నాను. యజమాని ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల దాకా మనకు ట్యాక్స్ పడదు. అందుకే ఆ లోపలే పట్టేట్టు కోర్సులు విడగొట్టి తీసుకుంటున్నాను. ఈ సాయానికీ ఒక షరతుంది. తీసుకున్నాక ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలి. ఆ మొత్తం మా పొదుపులో ఎప్పుడూ ఉంచుతాం, కాబట్టి ఈ కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు భయం వేయలేదు.

ఆసుపత్రి స్కూల్ వద్దని నేను ఎవరికీ చెప్పను. మా పక్కింటి అమ్మాయి అమెరికన్, తల్లిదండ్రులూ తాతలూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. డిగ్రీ మధ్యలో ఆపేసి కాఫీ షాపులో పని చేసేది. నన్ను అడిగితే అక్కడే చేరమన్నాను. ఆ అమ్మాయికి ఊరు వదిలే ఆలోచన లేదు, వీసా లేదు, చేతిలో డబ్బు లేదు, నేర్పించేవాళ్ళు పక్కనే ఉండాలి. తనకు ఆ ఒప్పందం వరమే. గ్రీన్‌కార్డు వచ్చేసి, పిల్లల బడి కోసం ఒకే ఊళ్ళో పదేళ్ళు ఉండబోతున్న తెలుగు కుటుంబాలకు కూడా బాగా నప్పుతుంది. 2025 జులై నుంచి పెన్సిల్వేనియా నర్సుల కాంపాక్ట్ (ఒక రాష్ట్రం లైసెన్సును ఇంకో రాష్ట్రం గుర్తించే ఒప్పందం)లో పూర్తిగా చేరింది కాబట్టి ఇక్కడి మల్టీస్టేట్ లైసెన్సుతో కాంపాక్ట్‌లో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పని చేయవచ్చు. ఊరు మారే అవకాశం ఉన్నవాళ్ళకు ఇది మంచి కబురు. అప్పు ఒప్పందానికి మాత్రం కాంపాక్ట్ వర్తించదు. లైసెన్సు మనతో టెక్సస్ వచ్చినా అప్పు పిట్స్‌బర్గ్‌లోనే కట్టాలి.

ఇంకా హెచ్4 మీదే ఉండి, ఈఏడీ రాని చెల్లెళ్ళు నన్ను అడుగుతుంటారు, ఇప్పుడే మొదలుపెట్టవచ్చా అని. హెచ్4 మీద చదువుకోవచ్చు, విద్యార్థి వీసా ఎఫ్1కి మారక్కర్లేదు. ప్రీరెక్విజిట్లు కమ్యూనిటీ కాలేజీలో ఇప్పుడే మొదలుపెట్టండి. వాటి గ్రేడ్లు రెండు దారుల్లోనూ పనికొస్తాయి. కానీ సైన్సు సబ్జెక్టులకు గడువుంటుంది, ఒక్కో స్కూల్ ఒక్కో లెక్క పెడుతుంది, కాబట్టి ఈఏడీ ఎప్పుడొస్తుందో అంచనా లేకుండా మైక్రోబయాలజీ ముందే చదివేయకండి. ఇంగ్లిష్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ ముందు తీసుకోండి. ఆసుపత్రి స్కూల్ సెషన్‌కు కూడా వెళ్ళండి. ఒప్పందం నమూనా అడిగి తెచ్చుకోండి. ఫోన్‌లో చెప్పిన జవాబులతో ఊరుకోకుండా వర్క్ పర్మిట్ ఆగిపోతే ఏమవుతుందో మెయిల్‌లో రాయించుకోండి.